చల్లారాక మొదలయ్యే పని

సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో ఎవరినైనా ఆపి, "ఇక్కడ కొలిమి ఎక్కడుందండీ?" అని అడిగి చూడండి. ఏ పాత కమ్మరి కొట్టు గురించో అడుగుతున్నారనుకుని తల అడ్డంగా ఊపుతారు. బడులు, నర్సింగ్ హోములు, రిటైరైన రైల్వే వాళ్లూ మిలిటరీ వాళ్లూ కట్టుకున్న ఇళ్లు, సాయంత్రం పూట కూరగాయల బళ్లు. ఈ పేట గురించి లోకానికి తెలిసింది అంతే. నేను మాత్రం ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉండి, కొలుములు బాగు చేసే పనితోనే ఇద్దరు పిల్లల్ని చదివించాను.

మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరంలో ఒక డెంటల్ ల్యాబు ఉంది. అక్కడ బల్ల మీద కూర్చునే చిన్న కొలిమి 1,500 డిగ్రీల దాకా వేడెక్కి జిర్కోనియా పళ్లను గట్టిపరుస్తుంది. ఇంకాస్త ముందుకెళ్తే బేకరీ వెనక ఇటుకల బట్టీ. తుకారాం గేటు దాటితే లాలాగూడ రైల్వే వర్క్‌షాపు. 1893 నుంచి అక్కడ ఇనుము కాలుతూనే ఉంది. మౌలాలి అవతల 1971లో పెట్టిన న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్సులో యురేనియం బిళ్లలను హైడ్రోజన్ వాయువు మధ్య 1,700 డిగ్రీల దగ్గర కాలుస్తారు. కంచన్‌బాగ్‌లో మిధాని, సనత్‌నగర్‌లో గాజుసీసాల ఫ్యాక్టరీ, బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లిలో పోత పని షెడ్లు, హీట్ ట్రీట్‌మెంట్ షెడ్లు. మోండా మార్కెట్ పక్కన కుమ్మరిగూడ ఉంది, ఆ పేరులోనే ఆవం ఉంది. మన చుట్టూ ఇన్ని కొలుములు మండుతున్నాయి. మండే ప్రతిదీ లోపల్లోపల అరిగిపోతూ ఉంటుంది. ఏదో ఒక రోజు ఆగిపోతుంది. అప్పుడు ఒక మనిషికి ఫోన్ వస్తుంది.

ఆ మనిషి మీరు కావచ్చు. ఐటీఐ చేసి ఏ దారి పట్టాలో తేలని కుర్రాడైనా, పదేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసి ఇక చాలనుకుంటున్న గృహస్థుడైనా, ఈ అధ్యాయం మీ కోసమే రాస్తున్నాను.

మూడు చేతులు

ఈ వృత్తి గురించి నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఒక పాత సంగతితో చెబుతాను. బాలానగర్‌లో ఒక చిన్న షెడ్డు. ఇనప డైలకు హీట్ ట్రీట్‌మెంట్ చేసే కరెంటు కొలిమి. దాని కంట్రోలర్ కాలిపోతే ఒక ఎలక్ట్రీషియన్ వచ్చి కొత్తది బిగించాడు. వైర్లన్నీ శుభ్రంగా కలిపాడు. మూడు ఫేజులూ సరిగా ఉన్నాయి. 950 డిగ్రీలు సెట్ చేసి, స్విచ్ వేసి వెళ్లిపోయాడు. రెండు గంటలైనా తెర మీద అంకె రెండు వందలు దాటి మెల్లగా పాకుతోంది. యజమాని తాపీ మేస్త్రీని పిలిచాడు. ఆయన తలుపు సందులో వేడి కారిపోతోందని చెప్పి, సిరామిక్ బ్లాంకెట్ ముక్కలు కుక్కాడు. ఆ పనీ ఆయన బాగానే చేశాడు. ఇంకో గంటకు ఫోన్ నాకు వచ్చింది.

నేను వెళ్లేసరికి తెర మీద 236 ఉంది. తలుపు సందులోంచి మాత్రం పండు నారింజ రంగు వెలుగు కనిపిస్తోంది. 236 డిగ్రీల దగ్గర ఇనుము చీకట్లో పెట్టినా ఎర్రబడదు. మసక ఎరుపు రావాలంటేనే 600 దాటాలి. దానిమ్మ గింజ రంగు 750 పైన వస్తుంది. నారింజ అంటే 950, 1,000 దగ్గర. కన్ను ఒకటి చెబుతోంది, తెర ఇంకొకటి చెబుతోంది. ముందు మెయిన్ దించేశాను.

జరిగింది చిన్న విషయమే. కొలిమిలో వేడిని కొలిచి మిల్లీవోల్టుల్లో చెప్పే థర్మోకపుల్ ప్లాటినంతో చేసిన ఎస్ టైప్ రకం. కొత్త కంట్రోలర్ కంపెనీ నుంచి కె టైప్ సెట్టింగుతో వచ్చింది. 1,000 డిగ్రీల దగ్గర ఎస్ టైప్ ఇచ్చేది 9.6 మిల్లీవోల్టులు. అదే వేడికి కె టైప్ అయితే 41 పైన ఇవ్వాలి. 9.6 మిల్లీవోల్టులు చూసిన కంట్రోలర్ దాన్ని కె లెక్కలో 236 డిగ్రీలుగా చదువుకుంది. ఇంకా చల్లగానే ఉందనుకుని పూర్తి కరెంటు తోస్తూ పోయింది. ఇంకాసేపు ఆలస్యమైతే ఎలిమెంట్లు కరిగి నేల మీద పడేవి. లోపలి డైలు ఎలాగూ పోయాయి.

ఆ ఎలక్ట్రీషియన్ తన పని తప్పు చేయలేదు. మేస్త్రీ కూడా చేయలేదు. ఆ రెండు పనులూ కలిసే చోట నిలబడి చూసే మనిషే అక్కడ లేడు. కొలిమి బాగు చేయడం అంటే ఇటుక పని, కరెంటు పని, కొలత పని, ఈ మూడూ. మన జంట నగరాల్లో ఒక్కొక్కటే తెలిసినవాళ్లు వేలమంది ఉన్నారు, వాళ్లు మంచి పనిమంతులు కూడా. మూడూ ఒకే మనిషికి తెలిసిన చోట మాత్రం పని వెతుక్కుంటూ వస్తుంది. నా ముప్పై ఏళ్ల జీతం ఆ మూడు పనుల మధ్య ఉన్న సందులోంచే వచ్చింది. ఏ ఒక్కదాంట్లోనూ నేను ఊళ్లో అందరికన్నా గొప్పవాణ్ని కాను, కావలసిన అవసరమూ రాలేదు.

మీకు ఇప్పటికే ఒక చెయ్యి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ అయితే తాపీ పట్టుకోండి. తాపీ పనివారైతే మల్టీమీటర్ కొనుక్కోండి. మూడో చెయ్యి, కొలత చెయ్యి, ఇద్దరికీ కొత్తదే. దాన్ని ఎలాగూ కూర్చుని నేర్చుకోవాలి.

చేత్తో ముట్టుకోకముందు

నాకు ఇటుక పని నేర్పింది సికింద్రాబాద్ బేకరీ బట్టీలు కట్టిన ఒక ముసలి ఉస్తాద్. మొదటిసారి నన్ను తీసుకెళ్లినప్పుడు బట్టీ చల్లారి ఒక రోజైంది. కమాను కుంగిపోయింది. నేను సుత్తి తీసుకుని పోతుంటే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ముందుగాల కూసో బిడ్డా. గంటసేపు చూడు. ఏం కనబడ్డదో నాకు చెప్పు. సుత్తి యాడికి పోదు."

టార్చ్ పట్టుకుని బట్టీ నోట్లో తల పెట్టి చూశాను. కాసేపు అంతా నల్లగానే ఉంది. తర్వాత తేడాలు కనబడ్డాయి. కుడిపక్క ఇటుకలు గాజు పూసినట్టు మెరుస్తున్నాయి, ఎడమపక్కవి ఎర్రగా, పొడిగా ఉన్నాయి. నోటి దగ్గర ఎవరో మామూలు సిమెంటుతో అతుకు వేశారు. అది వేలితో గీకితే పిండిలా రాలింది. కమాను చీలిక ఎడమ నుంచి మొదలై పైకి పోయింది.

కాసేపటికి అర్థమైంది. పనివాడు ఎప్పుడూ కుడి చేత్తో, కుడిపక్కకే కట్టెలు వేస్తున్నాడు. ఆ పక్క విపరీతంగా వేడెక్కి వ్యాకోచిస్తోంది, ఈ పక్క అంత కావట్లేదు. కమాను రోజూ కాస్త కాస్త పక్కకి జరిగింది. సిమెంటు సంగతి ఇంకా తేలిక. మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంటు 400, 500 డిగ్రీలకే బలం కోల్పోతుంది. చల్లారాక గాలిలో తేమ పీల్చి ఉబ్బి పగులుతుంది. బట్టీలో దాన్ని వాడిన మేస్త్రీ ఇళ్లు బాగా కట్టేవాడై ఉంటాడు. ఫైర్ బ్రిక్ మధ్య పెట్టాల్సింది ఫైర్ క్లే పూత, అదీ రెండు మూడు మిల్లీమీటర్ల మందమే. ఇంటి గోడలా అంగుళం గార పెడితే ముందు ఆ గారే పోతుంది.

కొత్త కమాను కట్టడానికి మూడు రోజులు పట్టింది. పోయేటప్పుడు ఉస్తాద్ ఆ బేకరీ కుర్రాణ్ని పిలిచి, కట్టె ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి వేయమని చెప్పి, వాడి చేత రెండుసార్లు వేయించి చూశాడు. ఆ తర్వాత ఆ బట్టీ నుంచి చాలా ఏళ్లు ఫోన్ రాలేదు.

చల్లారిన కొలిమి ఒక దస్తావేజు లాంటిది. మసి పేరుకున్న చోట గాలి అందలేదు. ఇటుక కరిగి కారిన చోట మంట నేరుగా తాకింది. సిరామిక్ బ్లాంకెట్ కుంచించుకుపోయి సందులు పడితే, దాని గ్రేడుకు మించిన వేడి చూసిందని అర్థం. బయటి రేకు మీద రంగు ఒక గుండ్రని మచ్చలా మాడితే, లోపల సరిగ్గా అక్కడే లైనింగ్ పోయింది. విప్పేశాక ఈ సాక్ష్యం ఏదీ మిగలదు, కాబట్టి విప్పకముందే ఫోటోలు తీయండి, నోటు పుస్తకంలో బొమ్మ గీయండి. ప్రతి కొలిమికీ ఒక పేజీ: ఏ తేదీన ఏం మార్చారు, ఎందుకు పోయింది. నా దగ్గర అలాంటి పుస్తకాలు పదకొండు ఉన్నాయి. యజమానులు మారిన కొన్ని షెడ్లలో ఆ కొలిమి చరిత్ర నా పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేదు. వాళ్లు నన్ను వదిలి వెళ్లకపోవడానికి అదొక కారణం.

నిప్పుతో తొందర పడిన రోజు

కాస్టబుల్ గురించి కొంచెం ఎక్కువే రాస్తాను. ఎందుకంటే దీంట్లో నేను తప్పు చేశాను.

కాస్టబుల్ అంటే వేడి తట్టుకునే కాంక్రీటు. సంచిలో పొడిగా వస్తుంది. నీళ్లు కలిపి అచ్చులో పోస్తాం. నీళ్లు ఎంత కలపాలో సంచి మీద రాసి ఉంటుంది, దాన్ని తూకం వేసి కలపాలి. తక్కువ సిమెంటు రకాలకు బరువులో ఐదారు శాతం నీళ్లే చాలు. కూలీలు ఇంటి స్లాబు అలవాటుతో జారుగా కలిపేస్తారు, పోయడం సులువని. అలా కలిపిన ప్రతి అదనపు గిద్దెడు నీళ్లూ ఆరాక లోపల సన్నని బొరియలుగా మిగిలిపోతాయి.

పోశాక ఒక రోజు తడిగా ఉంచాలి. తర్వాత ఆరబెట్టడం ఉంది. 110 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఆగాలి. అక్కణ్నుంచి గంటకు 25, 30 డిగ్రీల చొప్పున మాత్రమే పెంచాలి, 350 దగ్గర ఒకసారి, 550 దగ్గర ఇంకోసారి ఆగాలి. నీరు ఆవిరైతే పరిమాణం 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. బయటికి దారి దొరికేలోపు వేడి పెంచితే ఆ ఆవిరి గోడను బద్దలు కొట్టుకుని వస్తుంది.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే తప్పు చేశాను. ఒక అల్యూమినియం షెడ్డు. రేపు పొద్దున్నే లారీ బయల్దేరాలి, ఆర్డరు పోతే నలభై మంది జీతాలు ఆగుతాయి అని యజమాని బతిమాలాడు. ఆ నలభై మందిలో సగం మంది మొహాలు నాకు తెలుసు. సరేనన్నాను. మూడు గంటల్లో 300 దాటించాను. ఒక్కసారిగా లోపల టపాకాయ పేలినట్టు శబ్దం, తర్వాత ఇంకోటి. తలుపు దగ్గర నిలబడ్డ హెల్పరు భుజానికి అరచేయంత ముక్క తగిలింది. కాలలేదు, ఎముక విరగలేదు, చర్మం చీలింది. పదమూడు కుట్లు పడ్డాయి. లైనింగ్ మొత్తం మళ్లీ పోయాల్సి వచ్చింది. లారీ మూడు రోజులు ఆగింది.

ఆ రోజు తర్వాత ఆరబెట్టే సమయాన్ని నేను ఏ యజమానితోనూ బేరం చేయలేదు. కొటేషన్‌లోనే గంటలతో సహా రాసిస్తాను. సంతకం పెట్టించుకుంటాను. ఆ కాగితం చూసి కొందరు ఇంకొకరిని పిలుచుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది తిరిగొచ్చారు. రానివాళ్ల గురించి నేను బాధపడలేదు.

తొందర పనిలో మీకో దారి కూడా చెబుతాను. తరచూ పోయే భాగాలు, ముఖ్యంగా బర్నర్ బ్లాకులు, ముందే కాల్చి సిద్ధం చేసినవి దొరుకుతాయి. అలాంటివి రెండు ఇంట్లో ఉంచుకోండి. అవి పోసి ఆరబెట్టనక్కర్లేదు, బిగించడమే. దాని విలువ నాకు 2021లో తెలిసింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

చదువు ఎక్కడ

కొలత చెయ్యి కావాలంటే రామంతాపూర్‌లో ఎలక్ట్రానిక్స్, ప్రాసెస్ ఇన్‌స్ట్రుమెంటేషన్ నేర్పే కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ ఉంది, మన వాళ్లు ఇప్పటికీ ఏటీఐ అనే పిలుస్తారు. మారేడ్‌పల్లి పిల్లలకైతే ఈస్ట్ మారేడ్‌పల్లిలోనే గవర్నమెంట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ ఉంది. మల్లేపల్లి ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ చేయొచ్చు. లోహానికి వేడి ఏం చేస్తుందో తెలియాలంటే బాలానగర్‌లోని సీఐటీడీ. 1968 నుంచి టూల్ తయారీ, హీట్ ట్రీట్‌మెంట్ నేర్పుతున్న చోటు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద పెద్ద ఫ్యాక్టరీలో ఒక ఏడాది దొరికితే వదులుకోకండి. ఆ ఏడాదిలో జీతం లెక్క చూడకండి.

ఇటుక పనికి మాత్రం బడి లేదు, ఉస్తాదే. దానికీ కారణం ఉంది. కొలిమి పనిలో చేతికి తెలిసే విషయాలు చాలా ఉన్నాయి. మీటరు పొడవు ఫైర్ బ్రిక్ గోడ వెయ్యి డిగ్రీల దగ్గర ఐదారు మిల్లీమీటర్లు సాగుతుందని పుస్తకం చెబుతుంది. ఆ సందును ఎక్కడ వదలాలో, దాంట్లో అట్టముక్క పెట్టాలో బ్లాంకెట్ పెట్టాలో పక్కన కూర్చుని చూస్తేనే వస్తుంది.

ఇంకో బడి రాణిగంజ్. అక్కడి షాపుల్లో పోర్సలీన్ పూసలు, ఎలిమెంట్ తీగలు, థర్మోకపుళ్లు, బ్లాంకెట్ చుట్టలు దొరుకుతాయి. కొనేటప్పుడు మాట్లాడండి. "ఈ తీగ ఎన్ని డిగ్రీల దాకా?" అని అడగండి. నిక్రోమ్ తీగ 1,200 దాకా, కాంథాల్ ఏ-1 అయితే 1,400 దాకా. ఇది తీగ వేడి, కొలిమి వేడి కాదు. కొలిమి దాని కన్నా తక్కువే ఉండాలి. సిలికాన్ కార్బైడ్ కడ్డీలు ఇంకా పైకి పోతాయి గానీ ముసలివయ్యే కొద్దీ వాటి నిరోధం పెరుగుతుంది. ఒకటి విరిగిందని ఒక్కటే కొత్తది పెడితే కరెంటు సమంగా పంచుకోవు. సెట్టు మొత్తం మార్చాలి, లేదా దాచుకున్న పాత కడ్డీల్లో నిరోధం కలిసేదాన్ని వెతికి పెట్టాలి. అందుకే తీసేసిన మంచి కడ్డీ మీద ఓమ్స్ విలువ సుద్దతో రాసి అటక మీద పెట్టండి.

ఒక పక్క మాట. మన నేలకు ఈ విద్య కొత్తది కాదు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో ఉక్కు చేసేవాళ్లు మట్టిలో వరి ఊక కలిపి మూసలు చేసేవాళ్లు. 19వ శతాబ్దం తొలి దశకాల్లో వొయ్‌సీ అనే ఇంగ్లీషు వైద్యుడు అక్కడి పనిని చూసి రాశాడు. ఆ ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవాళ్లు. ఊక కాలిపోయాక మట్టిలో సన్నని గుల్లలు మిగులుతాయి. ఇవాళ మనం రాణిగంజ్‌లో కొనే తేలిక ఇన్సులేషన్ ఇటుకలు చేసే పద్ధతుల్లో ఒకటి అచ్చం ఇదే, ఊక బదులు రంపపు పొట్టు. ఆ ఇటుకను రెండు ముక్కలు చేసి బొరియలు చూసినప్పుడల్లా నాకు ఆ ఊరు గుర్తొస్తుంది. ఆ మూసలు చేసినవాళ్ల పేర్లు మనకు మిగల్లేదు.

ఊపిరి

ఇక్కడ మీరు నన్ను పెద్దన్నగా అనుకుని వినండి.

పాత లైనింగ్ కూల్చేటప్పుడు లేచే దుమ్ము మామూలు దుమ్ము కాదు. సిరామిక్ బ్లాంకెట్ కొత్తగా ఉన్నప్పుడు చర్మం దురద పెడుతుంది, అంతవరకే కనిపిస్తుంది. ఏళ్ల తరబడి వేడిలో ఉన్నాక దాంట్లో కొంత భాగం క్రిస్టోబలైట్ అనే స్ఫటిక సిలికాగా మారుతుంది. ఇండక్షన్ ఫర్నేసులో కొట్టే ర్యామింగ్ మాస్ దాదాపు అంతా సిలికాయే. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఈ ధూళిని క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో పెట్టింది. సిలికోసిస్ మన కార్మిక చట్టాల ప్రకారం నోటిఫై చేయాల్సిన జబ్బు. అది వస్తే పోదు. నాకు పని నేర్పిన ఉస్తాద్ చివరి మూడేళ్లు మెట్లెక్కలేక, మంచం మీద కూర్చునే నిద్రపోయాడు. ఆయన ముక్కుకు ఎప్పుడూ తుండుగుడ్డే కట్టుకున్నాడు. తుండుగుడ్డ ఆ ధూళిని ఆపలేదు.

కూల్చేముందు నీళ్లు చల్లి తడపండి. సరైన మాస్కు, కనీసం ఎన్95, మొహానికి ఒత్తుకునేలా పెట్టుకోండి. ఆ బట్టలతో ఇంటికి వెళ్లి పిల్లల్ని ఎత్తుకోకండి. వాటిని విడిగా ఉతకండి. ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయించుకోండి. ఈ ఖర్చును మీ రేటులో కలపండి, నేను ఎప్పుడూ కలిపాను.

గ్యాస్ కొలిమి అయితే ఇంకో ప్రమాదం. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, అడుగున పేరుకుంటుంది. ఒకసారి మంట అంటుకోకపోతే వెంటనే రెండోసారి ప్రయత్నించకండి. బ్లోయర్ వేసి, కొలిమి లోపలి ఘనపరిమాణానికి కనీసం నాలుగు రెట్ల గాలి తోయాక మాత్రమే మళ్లీ వెలిగించాలి. అమెరికా ఎన్ఎఫ్‌పీఏ 86 ప్రమాణం చెప్పే లెక్క అది. కొలిమి లోపలికి దిగాల్సి వస్తే గ్యాస్ పైపు వాల్వు మూసి ఊరుకోకండి, పైపు విప్పి బ్లాంక్ వేయండి. మెయిన్ స్విచ్‌కు మీ సొంత తాళం వేసి, తాళంచెవి మీ జేబులో పెట్టుకోండి. బయట ఒక మనిషి ఉండాలి. ఆ మనిషికి ఫోన్ చూడటం తప్ప వేరే పని ఉండకూడదని కొందరంటారు. ఫోన్ కూడా వద్దు, మిమ్మల్నే చూడాలి.

డబ్బు సంగతి

ఈ పనిలో రెండు రకాల ఆదాయం ఉంది. ఊళ్లోని చిన్న కొలుములు ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా ఇస్తాయి. దూరంలోని పెద్దవి షట్‌డౌన్ రోజుల్లో ఒకేసారి ఇస్తాయి. హుజూర్‌నగర్, మేళ్లచెరువు, మంచిర్యాల, తాండూరు, అటు జగ్గయ్యపేట, ఎర్రగుంట్ల, తాడిపత్రి సిమెంటు ఫ్యాక్టరీల్లో రోటరీ కిల్న్ లోపలి ఇటుకలు ఎప్పటికప్పుడు మార్చాలి. కిల్న్‌లో ముడిసరుకు 1,450 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. కిల్న్ ఆగిన ప్రతి గంటా నష్టమే కాబట్టి రాత్రీ పగలూ పని. విశాఖ ఉక్కులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదుల పేరూ దేవత పేరూ పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి, వాటి రిపేర్లకు వందలమంది కావాలి. పెళ్లికాని రోజుల్లో నాలుగైదు షట్‌డౌన్లు చేయండి. పెద్ద కొలిమి లోపల నిలబడి పైకి చూసినవాడికి చిన్న కొలిమి భయం పోతుంది. పెళ్లయ్యాక మాత్రం ఊళ్లో పని పెంచుకోండి అంటాను. ఇది నా అభిప్రాయం, మీ ఇంట్లో మాట్లాడుకుని తేల్చుకోండి.

చూసిన కూలి తప్పక తీసుకోండి. "చూసి చెప్పడానికి డబ్బులేంటి" అంటారు. ఆ బట్టీ నోట్లో తల పెట్టి గడిపిన గంటే ఈ పనిలో అన్నిటికన్నా విలువైన గంట. రిపేరు మీకే ఇస్తే ఆ కూలి బిల్లులో తగ్గించండి. సామాను ధర, పనిరోజులు, ఆరబెట్టే గంటలు వేర్వేరు వరసల్లో రాయండి.

ఉద్యం రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది, చేయించుకోండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థలకు ఇవ్వాల్సిన డబ్బు, ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో ఇవ్వాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ. నేను ఈ చట్టం పేరు చెప్పి ఎవరితోనూ గొడవపడలేదు. బిల్లు కింద ఆ సంగతి ఒక్క వాక్యంలో అచ్చు వేయించాను. ఆ తర్వాత చెక్కులు త్వరగానే వచ్చాయి.

2021 మే

దహనవాటికల్లో గ్యాస్ కొలుములు ఉంటాయి. వాటి రిపేరుకు వచ్చేవాళ్లు తక్కువ. నేను కొన్నేళ్లుగా వెళ్తున్నాను. 2021 ఏప్రిల్‌లో సూరత్‌లో ఒక దహనవాటికలో ఆపకుండా మండించడం వల్ల కొలిమి ఇనప చట్రమే కరిగిందని పేపర్లో చదివాం. తర్వాత నెలలో మన నగరంలో ఒకచోటి నుంచి రాత్రి తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది. బర్నర్ బ్లాకు పగిలి మంట పక్కకు తన్నుతోంది.

వెళ్లేసరికి గేటు బయట అంబులెన్సులు వరసగా ఉన్నాయి. రెండో కొలిమి ఒక్కటే పనిచేస్తోంది. కాటికాపరి నా చెయ్యి పట్టుకుని, "అన్నా, ఎంతసేపయితది?" అన్నాడు. పక్కనే ఒక ఆడమనిషి నిలబడి వింటోంది. చల్లారడానికే పొద్దున దాకా పడుతుందని చెప్పాలి. చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, వెళ్లి కాంపౌండు గోడ పక్కన కూర్చుంది.

కొత్తగా కాస్టబుల్ పోస్తే, ఆరబెట్టి వెలిగించడానికి మూడు రోజులు. ముందే కాల్చిన బ్లాకు ఒకటి మా ఇంటి అటక మీద ఉంది, రెండేళ్లుగా దుమ్ము పట్టి. మా అబ్బాయి బండి మీద గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. పొద్దున నాలుగున్నరకు లోపలికి చెయ్యి పెట్టగలిగేంత చల్లారింది. ఆరుంపావుకు బిగించాం. గాలి తోసి, నెమ్మదిగా వెలిగించి, చుట్టూ వేసిన ఫైర్ క్లే ఆరేదాకా చిన్న మంట మీదే ఉంచాను. తొమ్మిదింటికి కాటికాపరి మొదటి పేరు పిలిచాడు. ఆమె లేచి నిలబడింది.

నా పదో నోటు పుస్తకంలో ఆ పేజీ ఉంది. తేదీ, బ్లాకు కొలతలు, చల్లారడానికి పట్టిన గంటలు రాశాను.

మొదటి రోజు సంచి

మీ మొదటి పనికి వెళ్లే ముందు రాత్రి సంచి సర్దుకోండి. టార్చ్ రెండు, ఎందుకంటే ఒకటి లోపల పడిపోతుంది. మల్టీమీటర్. సుద్దముక్కలు. టేపు. నాలుగు మాస్కులు, మీకు రెండు, మీ హెల్పరుకు రెండు. తాళం, తాళంచెవి. నోటు పుస్తకం, బాల్‌పెన్ను కాకుండా పెన్సిలు, వేడి దగ్గర పెన్ను సిరా కారుతుంది.

ఒక చిన్న అయస్కాంతం కూడా పెట్టుకోండి, పాత స్పీకరులోంచి తీసినదైనా సరే. కె టైప్ థర్మోకపుల్లో రెండు తీగల రంగు కాలిపోయి గుర్తుపట్టలేనప్పుడు పనికొస్తుంది. అయస్కాంతానికి అంటుకునేది అల్యూమెల్, అదే నెగెటివ్. అంటుకోనిది క్రోమెల్, పాజిటివ్. కొన్ని కేబుళ్లలో ఎరుపు తొడుగు నెగెటివ్‌కు వేస్తారు. మన ఇళ్ల వైరింగ్ అలవాటుతో ఎరుపును పాజిటివ్ అనుకుని తిప్పి కలిపారంటే, వేడెక్కే కొద్దీ అంకె కిందికి దిగుతుంది.

సామాను ఏమైనా కొనాల్సి ఉంటే ముందు రోజు సాయంత్రమే రాణిగంజ్ వెళ్లిరండి. పొద్దున అక్కడ షట్టర్లు లేచేసరికి ఆలస్యమవుతుంది, మీరు ఆరింటికల్లా కొలిమి దగ్గర ఉండాలి.